ఓటు యంత్రం – ఓర్పు పాఠం

కొత్త యంత్రం ఏది వచ్చినా మన ఊళ్ళలో రెండు రకాల మాటలు వినబడుతుంటాయి. "మిషినికి అబద్ధం తెలువదు" అనేవారు కొందరు. "మిషిని మాయ ఎవనికెరుక" అనేవారు మరికొందరు. ఆలోచించి చూస్తే ఈ రెండు మాటలూ నిజానికి దూరమే. యంత్రానికి నిజమూ తెలియదు, అబద్ధమూ తెలియదు. దాన్ని ఎవరు ఎట్లా తయారుచేశారు, ఎక్కడ పరీక్షించారు, ఎటువంటి చోట పెట్టి వాడుతున్నారు అనేదాన్ని బట్టి అది పని చేస్తుంది, లేదా మొరాయిస్తుంది.

కంప్యూటర్ అనగానే మనకు గదిలో బల్ల మీద ఉండే పెట్టె గుర్తుకు వస్తుంది. కానీ ఈనాడు కంప్యూటర్ చిప్ లేని వస్తువు అరుదు. బావికాడి స్టార్టరులో ఉన్నది, రేషన్ షాపులో వేలిముద్ర తీసుకునే యంత్రంలో ఉన్నది. మన జిల్లా ప్రజలు లక్షలాదిమంది వేలితో నొక్కిన ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రంలోనూ ఉన్నది. హార్డ్‌వేర్ లోపాలు అంటే ఏమిటి, కొత్త యంత్రాన్ని తొందరపడి వాడుకలోకి తెస్తే వచ్చే చిక్కులేమిటి అనే విషయాన్ని ఆ ఓటు యంత్రం కథ ద్వారానే వివరించడానికి ఈ చిన్న వ్యాసంలో ప్రయత్నిస్తాను. నల్లగొండకూ ఆ కథకూ దగ్గరి సంబంధమున్నది. తయారీలో ముఖ్యపాత్ర వహించిన సంస్థ కూడా మన హైదరాబాదుదే.

లోపాలు మూడు రకాలు

హార్డ్‌వేర్ లోపాలను స్థూలంగా మూడు రకాలుగా విభజించుకోవచ్చు. మొదటిది రూపకల్పనలోనే దొర్లిన లోపం. రెండవది తయారీలో వచ్చిన లోపం, అనగా ఒక అతుకు సరిగా పడకపోవడం, ఒక ముక్క నాసిరకం కావడం. మూడవది వాడే చోటుకు సంబంధించిన లోపం. ప్రయోగశాలలో చక్కగా నడిచినది మన ఎండకు, దుమ్ముకు, ఎక్కువ తక్కువ వోల్టేజికి తట్టుకోలేకపోవడం.

మొదటి రకానికి ప్రపంచమంతా ఎరిగిన ఉదాహరణ 1994 నాటి పెంటియం చిప్. అమెరికాలో లించ్‌బర్గ్ కళాశాల గణితాచార్యుడు థామస్ నైస్లీ ప్రధానసంఖ్యల మీద లెక్కలు చేస్తుండగా జవాబుల్లో చిన్న తేడా కనబడింది. ఆయన మొదట తన లెక్కనే అనుమానించి, ఒక్కొక్కటే తీసివేసుకుంటూ వచ్చి, చివరకు తప్పు చిప్‌లోనే ఉన్నదని తేల్చాడు. భాగహారం చేయడానికి ఆ చిప్‌లో ఒక పట్టిక ఉంటుంది. అందులో నింపవలసిన 1066 గళ్ళలో 5 గళ్ళు ఖాళీగా ఉండిపోయినవి. అందువల్ల 4195835ను 3145727తో భాగిస్తే 1.3338 రావలసిన చోట 1.3337 వచ్చింది. మామూలుగా వాడేవారికి ఈ తప్పు ఎదురుకావడం చాలా అరుదని ఇంటెల్ సంస్థ మొదట వాదించింది. కానీ కొన్నవారు ఊరుకోలేదు. ఆ సంవత్సరం డిసెంబరులో, అడిగిన ప్రతివారికీ చిప్ మార్చి ఇస్తామని ఒప్పుకోక తప్పలేదు. దానికైన ఖర్చు 47 కోట్ల 50 లక్షల డాలర్లు. అయిదు గళ్ళ ఖరీదు అది!

సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొరికితే చాలావరకు దిద్ది పంపవచ్చును. హార్డ్‌వేర్‌లో తప్పు సిలికాన్‌లో చెక్కిన అక్షరం వంటిది. దాన్ని దిద్దడమంటే చాలాసార్లు వస్తువునే మార్చడం. కొత్త యంత్రం విషయంలో ఓర్పు అవసరమనడానికి ఇదే మొదటి కారణం.

కుడితి తొట్టి సూత్రం

ఎలక్ట్రానిక్ వస్తువులు ఎప్పుడు ఎక్కువగా చెడిపోతాయో చూపే ఒక వక్రరేఖ ఉన్నది. ఇంజనీర్లు దాన్ని స్నానపు తొట్టి ఆకారమంటారు. మనం కొట్టంలోని కుడితి తొట్టిని ఊహించుకుంటే సరిపోతుంది. తొట్టికి ఎడమ అంచు ఎత్తుగా ఉంటుంది, మధ్యలో అడుగు చదునుగా ఉంటుంది, కుడి అంచు మళ్ళీ లేస్తుంది. కొత్త వస్తువులు వచ్చిన తొలినాళ్ళలో ఎక్కువగా చెడిపోతాయి. బలహీనమైనవన్నీ ఆ దశలోనే రాలిపోతాయి. ఆ తర్వాత చాలాకాలం చెడిపోవడం తక్కువ. చివరకు అరిగిపోయి మళ్ళీ ఎక్కువవుతుంది.

ఎడమ అంచు దాటేదాకా వస్తువును కర్మాగారంలోనే వేడిలో నడిపి పరీక్షించడం మంచి సంస్థల పద్ధతి. కానీ అన్ని లోపాలూ అక్కడ బయటపడవు. మిగిలినవి ఎక్కడ బయటపడతాయి? మొట్టమొదట కొన్నవాడి చేతిలో. అంటే తొలి వాడకందారు డబ్బు పెట్టి వస్తువును కొని, తెలియకుండానే దాని పరీక్షకుడు కూడా అవుతున్నాడు. డబ్బున్నవాడు మోజుకొద్దీ కొన్న సెల్‌ఫోను అయితే ఫరవాలేదు. అదే ఒక దేశం ఓటు వేసే యంత్రమయితే?

480 మంది అభ్యర్థుల ఎన్నిక

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నియోజకవర్గంలో 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. వీరిలో అత్యధికులు గెలుస్తామని నిలబడినవారు కాదు. మన జిల్లా భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎంతటి పీడయో చదువరులకు చెప్పనవసరం లేదు. కాళ్ళు వంకరపోయిన పిల్లలు, నడుం వంగిన నడివయసువారు లేని ఊరు మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో ఆనాడు లేదంటే అతిశయోక్తి కాదు. శ్రీశైలం ఎడమగట్టు కాలువ ద్వారా కృష్ణా నీళ్ళు ఇవ్వాలని ఎంత మొరపెట్టుకున్నా వినేవారు లేక, దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి ఈ పద్ధతిని ఎంచుకున్నది. నామినేషన్లు వేసినవారిలో రైతులున్నారు, ఫ్లోరోసిస్ బాధితులున్నారు.

ఫలితంగా బ్యాలెట్ పత్రం పత్రంగా మిగలలేదు, పుస్తకమైంది. ఓటరు పుటలు తిప్పి గుర్తు వెతుక్కోవలసి వచ్చింది. ఆ ఎన్నికలో సి.పి.ఐ. అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గెలుపొందారు. కానీ నల్లగొండ నీళ్ళ గోస దేశమంతటికీ వినిపించింది. అదే ఏడాది పార్లమెంటు చట్టాన్ని సవరించి, లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుండి 10,000 రూపాయలకు పెంచింది.

ఇక్కడ విజ్ఞానశాస్త్ర విద్యార్థి గమనించవలసిన సంగతి ఒకటున్నది. కాగితానికి హద్దు లేదు. పుట చాలకుంటే మరొక పుట కుట్టవచ్చు. అప్పటి ఓటు యంత్రానికి హద్దున్నది. ఒక్కొక్క బ్యాలెట్ యూనిట్‌లో 16 మంది పేర్లు పడతాయి. నాలుగు యూనిట్లు మాత్రమే కలపవచ్చు. అనగా 64 మంది. 1996లో ఆ యంత్రమే వాడివుంటే 480 మందికి 30 యూనిట్లు కావలసి ఉండేది. అంటే ఆ నిరసన యంత్రంలో ఇమిడేదే కాదు. దీన్ని లోపం అనలేము గానీ, యంత్రాన్ని రూపకల్పన చేసినప్పుడు "ఇంతకంటే ఎక్కువ మంది ఎందుకు నిలబడతారు" అని ఎవరో గీసిన గీత అది. ప్రతి హార్డ్‌వేర్‌లోనూ ఇటువంటి గీతలుంటాయి. జనం అవసరం ఆ గీతను ఎప్పుడు దాటుతుందో కాగితం మీద లెక్కలు వేసేవారికి ముందుగా తెలియదు.

హైదరాబాదు యంత్రం – పరూరు తీర్పు

ఎన్నికలకు యంత్రం వాడాలనే ఆలోచన ఎన్నికల సంఘానికి 1977లో వచ్చింది. నమూనా తయారుచేసే పని హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు, అనగా మనమందరం ఇ.సి.ఐ.ఎల్. అని పిలిచే సంస్థకు అప్పగించారు. 1967లో స్థాపితమైన ఈ సంస్థ అప్పటికే స్వదేశీ కంప్యూటర్లు తయారుచేసి పేరు తెచ్చుకున్నది. 1979లో నమూనా సిద్ధమైంది. 1980 ఆగస్టులో రాజకీయ పక్షాల ప్రతినిధులకు చూపించారు. తదుపరి బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ కూడా ఈ పనిలో చేరింది.

యంత్రం కట్టుబడి సులువైనదే. పోలింగ్ అధికారి దగ్గర కంట్రోల్ యూనిట్, తెర వెనుక బ్యాలెట్ యూనిట్, రెండింటి మధ్య తీగ. అధికారి మీట నొక్కితేనే ఒక ఓటుకు దారి తెరుచుకుంటుంది. ఓటరు తనకు నచ్చిన గుర్తు పక్కన మీట నొక్కగానే దీపం వెలుగుతుంది, శబ్దం వస్తుంది, దారి మూసుకుంటుంది. కరెంటు లేని ఊళ్ళో కూడా బ్యాటరీ మీద నడుస్తుంది.

1982 మే 19న కేరళలోని పరూరు శాసనసభ నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాలలో దీన్ని తొలిసారిగా వాడారు. 123 ఓట్ల తేడాతో శివన్ పిళ్ళై గెలిచినట్లు ప్రకటించారు. ఓడిన ఎ.సి. జోస్ కోర్టుకు వెళ్ళారు. 1984లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు విచిత్రమైనది. యంత్రం చెడిపోయిందని కోర్టు అనలేదు. చట్టంలో యంత్రం మాటే లేనప్పుడు దాని మీద ఓటు చెల్లదన్నది. ఆ 50 కేంద్రాల్లో కాగితాలతో మళ్ళీ ఓటింగు జరిపితే ఫలితం తారుమారై జోస్ గెలిచారు. కొత్త యంత్రం సరిగా పనిచేసినా, దాని చుట్టూ ఉండవలసిన ఏర్పాట్లు సిద్ధంగా లేకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు.

ఈ ఎదురుదెబ్బ ఒక విధంగా మేలు చేసిందనే నా అభిప్రాయం. చట్ట సవరణ 1988 డిసెంబరులో జరిగింది. 1998 నవంబరులో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీలలో కలిపి 16 శాసనసభ స్థానాల్లో యంత్రాలు పెట్టారు. ఆ తర్వాత కొద్దికొద్దిగా పెంచుతూ 2004 లోక్‌సభ ఎన్నికల్లో 543 స్థానాల్లోనూ వాడారు. పరూరు నుండి దేశమంతటికీ చేరడానికి 22 ఏళ్ళు పట్టింది. కుడితి తొట్టి ఎడమ అంచును నిదానంగా దిగివచ్చినట్లన్నమాట.

అనుమానం – దానికి మందు

అంతా సవ్యంగా ఉన్నదనుకుంటుండగా 2010లో హైదరాబాదుకు చెందిన ఇంజనీరు వేమూరి హరిప్రసాద్, అమెరికాకు చెందిన అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గాంగ్రిప్ మొదలైనవారు ఒక అసలు ఓటు యంత్రాన్ని విప్పి పరిశీలించిన వివరాలు ప్రకటించారు. యంత్రం ఒకసారి చేతికి చిక్కితే, అంకెలు చూపే పలకను అటువంటిదే మరో పలకతో మార్చి తప్పుడు లెక్క చూపించవచ్చునని, జ్ఞాపక చిప్‌కు ఒక చిన్న పరికరం తగిలించి ఓట్లు మార్చవచ్చునని వారు చేసి చూపించారు. యంత్రాలు సీళ్ళ మధ్య, కాపలా మధ్య ఉంటాయి గనుక ఇది ఆచరణలో సాధ్యం కాదని ఎన్నికల సంఘం జవాబు చెప్పింది. వారు చూపిన యంత్రం ఎక్కడి నుండి వచ్చిందన్న కేసులో హరిప్రసాద్ ఆ ఏడాది ఆగస్టులో అరెస్టు కూడా అయ్యారు.

ఇరుపక్షాల మాటల్లోనూ సత్యమున్నది. విప్పి చూపగలిగినంత మాత్రాన ఎన్నికల్లో అట్లా జరిగిందని కాదు. అయితే, జరగలేదని ఓటరు తన కళ్ళతో చూసుకునే ఏర్పాటు కూడా ఆ యంత్రంలో లేదు. దీనికి మందుగా వచ్చినదే వి.వి.ప్యాట్. ఓటు వేయగానే అభ్యర్థి పేరు, గుర్తు ముద్రించిన చీటీ అద్దం వెనుక ఏడు సెకన్లు కనబడి, తెగి డబ్బాలో పడుతుంది. 2013 సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉపఎన్నికలో దీన్ని మొదటిసారి వాడారు. ఆ అక్టోబరులోనే, దశలవారీగా అన్నిచోట్లా పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది.

మందే మొరాయించిన వేళ

2018 మే 28. ఉత్తరప్రదేశ్‌లోని కైరానా, మహారాష్ట్రలోని భండారా–గోందియా లోక్‌సభ స్థానాలకు ఉపఎన్నికలు. ఎండలు మండిపోతున్న రోజు. అక్కడ పెట్టిన వి.వి.ప్యాట్‌లలో దాదాపు అయిదింట ఒకటి మొరాయించగా మార్చవలసి వచ్చింది. రెండు స్థానాల్లో కలిపి వందకు పైగా కేంద్రాల్లో రీపోలింగు జరిపారు. జనం ఎండలో వరుసల్లో నిలబడి విసిగి వెళ్ళిపోయారని అప్పటి వార్తల్లో వచ్చింది.

కారణం వెతికితే తేలింది చాలా చిన్నది. చీటీ ఎంత పొడవున వచ్చింది, దాని మీద అచ్చు పడిందా లేదా అని చూసుకోవడానికి ఆ యంత్రంలో సెన్సార్లున్నాయి. తెలుపు నలుపుల తేడాను బట్టి అవి పనిచేస్తాయి. గదిలో వెలుతురు ఎక్కువై లోపలికి చొరబడితే ఆ తేడా వాటికి అందదు. ఏదో పొరపాటు జరిగిందనుకొని యంత్రం ఆగిపోతుంది. దానికి తోడు కాగితపు చుట్ట గాలిలోని తేమను పీల్చుకుంటున్నది. అందుకని సెన్సారు మీద చిన్న గొడుగులాంటి కప్పు అమర్చారు. తేమ పీల్చని కాగితం తెచ్చారు. ఆ తర్వాతనే, 2018 డిసెంబరు 7న జరిగిన మన తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో ప్రతి కేంద్రంలోనూ వి.వి.ప్యాట్ పెట్టారు.

దీని నుండి రెండు విషయాలు నేర్చుకోవచ్చు. యంత్రాన్ని కాపలా కాయడానికి తెచ్చినది కూడా యంత్రమే. దానికీ తొలి దశ బాధలుంటాయి. లోపమనేది పెద్ద పెద్ద చిప్‌లలోనే ఉండనక్కరలేదు. కిటికీలోంచి పడే వెలుతురు చాలు. ప్రయోగశాలలో కిటికీకి పరదా ఉంటుంది. మన బడిలో కిటికీకి రెక్కలే ఉండవు.

నిజామాబాదు, మునుగోడు

2019 ఏప్రిల్ 11న నిజామాబాదు లోక్‌సభ స్థానంలో 185 మంది పోటీ చేశారు. వారిలో 178 మంది రైతులు. పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలని నిలబడినవారు. నల్లగొండ 1996లో చేసిన పనినే వీరు మరోసారి చేశారు. పాత యంత్రాల 64 హద్దు చాలదు గనుక, కొత్త తరం యంత్రాలు తెప్పించారు. ఇవి 24 యూనిట్లదాకా కలుపుకుంటాయి. 185 మందికి నోటా కలిపి 186. పదహారుతో భాగిస్తే 12 యూనిట్లు. ఒక్కొక్క కేంద్రంలో పన్నెండు యూనిట్లను మూల తిప్పి రెండు వరుసలుగా పేర్చారు. నియోజకవర్గమంతటికీ ఇరవై వేలకు పైగా యూనిట్లు పట్టినవి. పోలింగుకు సిబ్బంది, ఇంజనీర్లు ఎంత శ్రమించారో ఊహించుకోవచ్చు.

మన మునుగోడులో 2022 నవంబరు 3న జరిగిన ఉపఎన్నికలో 47 మంది అభ్యర్థులు. నోటాతో 48. సరిగ్గా మూడు యూనిట్లు నిండినవి. ఒక్కరు ఎక్కువయినా నాలుగవది కావలసి ఉండేది.

ఇక్కడ ఒక లెక్క చేద్దాం. కొత్త తరం యంత్రం హద్దు 24 పదహార్లు, అనగా 384. నల్లగొండ 1996 నాటి 480 మంది మళ్ళీ నిలబడితే ఇందులోనూ ఇమడరు. అప్పుడు మళ్ళీ కాగితమే గతి. మన జిల్లా రైతులు ఇరవై ఏళ్ళకు పైగా ముందే గీసిన గీతను యంత్రం ఇంకా అందుకోలేదన్నమాట!

ఎన్ని చీటీలు లెక్కించాలి?

చీటీలు ఉన్నంత మాత్రాన చాలదు. లెక్కించి యంత్రంతో సరిపోల్చాలి. మొదట ఒక శాసనసభ స్థానానికి ఒక కేంద్రంలో లెక్కించేవారు. నారా చంద్రబాబునాయుడు మరికొందరు నాయకులతో కలిసి వేసిన పిటిషన్‌లో సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్ 8న దాన్ని అయిదు కేంద్రాలకు పెంచింది. దీని విలువను సంభావ్యతా సూత్రంతో చూద్దాం.

పది యంత్రాల్లో ఒకటి తప్పు చూపుతున్నదనుకుందాం. ఒక్క కేంద్రమే పరీక్షిస్తే తప్పు దొరికే అవకాశం నూటికి 10. అయిదు పరీక్షిస్తే, అయిదూ మంచివే తగిలే అవకాశం 0.9ని అయిదుసార్లు గుణించగా 0.59. కాబట్టి తప్పు దొరికే అవకాశం నూటికి దాదాపు 41. లోక్‌సభ స్థానంలో ఏడు శాసనసభ స్థానాలుంటే 35 కేంద్రాలవుతాయి. అప్పుడు తప్పు దొరికే అవకాశం నూటికి 97కు పైబడుతుంది. తప్పుడు యంత్రాలు అంతకంటే అరుదుగా ఉంటే ఈ అవకాశం తగ్గుతుంది. ఎన్ని లెక్కించాలన్న వివాదమంతా ఇంటర్మీడియట్‌లో మనం చదువుకున్న ఈ సూత్రం చుట్టూనే తిరుగుతున్నది. 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు మళ్ళీ కాగితానికి వెళ్ళడానికి ఒప్పుకోలేదు. కానీ రెండవ, మూడవ స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు కోరితే అయిదు శాతం యంత్రాల చిప్‌లను పరీక్షించే వీలు కల్పించింది.

తొందరపడినవారి గతి

ఓర్పు లేనివారి ఉదాహరణ కూడా చెప్పుకోవాలి. ఐర్లండ్ దేశం నెదర్లాండ్స్‌లో తయారైన ఓటు యంత్రాలను వేలకొద్దీ కొన్నది. 2002లో కొన్ని చోట్ల వాడి, 2004లో దేశమంతటా వాడబోయింది. కాగితపు సాక్ష్యం లేదని, పరీక్ష చాలలేదని నిపుణుల సంఘం చెప్పగా ఆగిపోయింది. అయిదు కోట్ల యూరోలకు పైగా ఖర్చయిన ఆ యంత్రాలను ఏళ్ళ తరబడి గోదాముల్లో అద్దె కట్టి దాచి, 2012లో సుమారు డెబ్బై వేల యూరోలకు తుక్కు కింద అమ్మేశారు. పరీక్ష పూర్తికాకముందే మొత్తం కొనేయడమే అక్కడ జరిగిన పొరపాటు.

రైతు పద్ధతి

ఇదంతా పెద్ద పెద్ద ప్రభుత్వాల సంగతి, మనకెందుకని కొందరు మిత్రులు అనవచ్చు. కానీ ఈ సమస్య ప్రతి రైతు గడపలోకీ వచ్చింది. కొన్నేళ్ళ కింద మా ఊళ్ళో సెల్‌ఫోనుతో మోటరు నడిపే స్టార్టర్లు దిగినవి. ఇంట్ల కూసుండి ఫోను కొడితే బోరు మోటరు నడుస్తదని అమ్మేవారు చెప్పగా చాలామంది తీసుకున్నారు. రాత్రిపూట పాము భయం లేదు, నిద్ర చెడదు. మంచి వస్తువే. మా నాయన కూడా ఒకటి తెచ్చాడు. పాత స్టార్టరు తీసేసి ఆ డబ్బాలోనే కొత్తది పెడదామని మెకానిక్ అన్నాడు. మా తాత ఒప్పుకోలేదు.

"పాతదాని జోలికి పోకురి. దాని పక్కకు ఇంకో డబ్బా కొట్టుండ్రి. కొత్త ఎద్దును కొన్ననాడే పాత ఎద్దును అంగడికి తోలుకపోతమా?" అన్నాడు.

ఆ ఎండకాలంలో రేకు డబ్బా కాలిపోయేంత వేడెక్కి ఊళ్ళో కొత్త స్టార్టర్లు వరుసగా పనిచేయడం మానేసినవి. ఫోను మోగుతది, మోటరు తిరగదు. పాతవి తీసేసినవారు మండల కేంద్రానికి తిరిగి తిరిగి మెకానిక్‌ను తెచ్చేసరికి రెండు మూడు రోజులు పట్టింది. ఒకాయన అరెకరం టమాట వాడిపోయింది. మా చెలక ఎండలేదు, ఎందుకంటే మా నాయన నడుచుకుంటూ పోయి పాత మీటే నొక్కి వచ్చాడు. తర్వాత నీడకోసం డబ్బా మీద తడక కట్టినం, మళ్ళా పనిచేసింది. ఇప్పుడు ఆ కొత్త స్టార్టరు బాగానే నడుస్తున్నది. పాతది కూడా పక్కనే ఉన్నది.

సెన్సారు మీద గొడుగు పెట్టిన ఇంజనీరుకు, డబ్బా మీద తడక కట్టిన మా తాతకు నాకు పెద్ద తేడా కనబడలేదు. ఇద్దరూ యంత్రాన్ని అది నిలబడే చోటుకు అనువుగా మలిచారు. మా తాత ఎక్కడా చదువుకోలేదు గానీ, కొత్త విత్తనమేదైనా మొదటి ఏడు ఒక మడిలోనే వేసేవాడు. పండితే వచ్చే ఏడు రెండెకరాలు. పండకపోతే ఒక్క మడే కదా పోయింది.

ఈ ఉదాహరణల నుండి నాకు నాలుగు సూత్రాలు తేలినవి. ఒకటి, కొత్తదాన్ని ఒక మడిలో మొదలుపెట్టాలి. 50 కేంద్రాల పరూరు అటువంటి మడి. రెండు, పరీక్ష మన ఎండలో, మన దుమ్ములో, మన కరెంటు మీద జరగాలి. మూడు, కొత్తది నిలదొక్కుకునేదాకా పాతదాన్ని పక్కన ఉంచుకోవాలి. ఓటు యంత్రం పక్కన కాగితపు చీటీ ఉండటమంటే అదే. నాలుగు, లోపం చూపినవాడిని శత్రువుగా చూడరాదు. నైస్లీ గారు లెక్క సరిచూడకపోయివుంటే తప్పు భాగహారం మరెన్ని కంప్యూటర్లలోకి పోయేదో!

వీటన్నిటికీ మూలం ఒక్కటే ప్రశ్న. కొత్త యంత్రం తప్పితే నష్టం ఎవరి మీద పడుతుంది? పెంటియం తప్పితే ఇంటెల్ సంస్థ భరించింది. స్టార్టరు తప్పితే టమాట రైతు భరించాడు. అమ్మినవారు భరించలేదు. నష్టాన్ని భరించలేనివాడి మీద తొలి పరీక్ష పెట్టడం అన్యాయం. అరెకరం రైతుకు, రోజు కూలి వదులుకొని వరుసలో నిలబడ్డ ఓటరుకు వెనక్కు తగ్గే దారి ముందే చూపించి, ఆ తర్వాతనే కొత్త యంత్రం చేతిలో పెట్టాలి.

నేను యంత్రాలకు వ్యతిరేకిని కాను. ఈ చదువు చదువుతున్నదే వాటి మీద ఇష్టంతో. 2025 డిసెంబరులో మా ఊరి పంచాయతీ ఎన్నికలో నా తొలి ఓటు గులాబీరంగు కాగితం మీద ముద్ర గుద్ది వేశాను. ఆ కాగితాన్ని మడత తప్పు పెట్టి చెల్లకుండా చేసుకున్న ముసలివాళ్ళూ ఉంటారు. కాగితానికీ దాని లోపాలు దానికున్నవి. అందుకే పాతదంతా మేలని నేననను.

విద్యార్థి మిత్రులారా! రేపు మనలో కొందరు ఇటువంటి యంత్రాలను తయారుచేసే సంస్థల్లో చేరుతారు, కొందరు వాటిని కొనే కార్యాలయాల్లో కూర్చుంటారు. మిగిలినవారిని ఊళ్ళో "కొత్త మిషిని వచ్చింది, తీసుకోవచ్చునా?" అని ఇంటివాళ్ళు అడుగుతారు. అప్పుడు గుడ్డిగా అవునని గానీ, మొండిగా కాదని గానీ చెప్పకండి. ఏ ఎండలో పరీక్షించారు, ఎంతమంది దాకా పడుతుంది, చెడిపోతే పాతది ఎక్కడున్నది అని అడగండి. ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికిన యంత్రాన్ని ధైర్యంగా ఇంటికి తెచ్చుకోవచ్చు.